పట్టికలో ఒక్క సున్నా లేదు

ఫిబ్రవరి 11

అన్నయ్యకి,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. నువ్వు ఫోనెత్తడం మానేశావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. మొన్న ఆదివారం ఎత్తావనుకో. "నీ పాతికేళ్ళ సర్వీసు సన్మానానికి రాలేకపోయానన్నయ్యా, తప్పయింది" అన్నాను. నువ్వు "ఆఁ, ఇక్కడా అంతే, ఒకటే వాన" అని పెట్టేశావు. దానికంటే నాలుగు తిట్లు తిట్టినా హాయిగా ఉండేది.

ఆ వారం నిజంగానే ల్యాబు వదిలి కదల్లేకపోయాను. నేనక్కడ ఏం చేస్తానని నువ్వు అడిగినప్పుడల్లా "కంప్యూటర్లు" అని తప్పించుకున్నాను. ఈసారి సరిగ్గా చెబుతాను, ఎందుకంటే నీతో పనుంది.

ఇప్పుడున్న యంత్రాలన్నీ రెండంకెలతో లెక్కపెడతాయి. ఒకటి, సున్నా. మేం ఐదుగురం కలిసి మూడంకెలతో లెక్కపెట్టే చిప్పు తయారు చేస్తున్నాం. ప్లస్ ఒకటి, సున్నా, మైనస్ ఒకటి. ఐదు అని చెప్పాలంటే తొమ్మిదిలోంచి మూడూ ఒకటీ తీసేస్తాం. చుట్టుదారిలా కనిపిస్తుంది. కానీ యంత్రానికి తెలివి నేర్పాలంటే దాని లోపల కోట్ల కొద్దీ గుణకారాలు జరగాలి. కరెంటంతా తినేది ఆ గుణకారమే. మా అంకెలతో గుణకారం అన్న మాటే లేదు. వచ్చినదాన్ని కలుపు, లేదా తీసెయ్, లేదా వదిలెయ్. అంతే. గడియారంలో వేసే బిళ్ళంత బ్యాటరీతో ఏళ్ళ తరబడి ఆలోచించగల యంత్రం వస్తుందని మా ఆశ.

ఆశే. మా పెద్దసారు నమ్మడు. ఆయన్ని అందరం గీతల చొక్కా అంటాం, వారంలో ఐదు రోజులూ అవే గీతలు. "ఏదైనా అసలైన పని చేయించి చూపించు. సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది. పక్క గదిలో రెండంకెల వాళ్ళూ అదే పని చేస్తారు. ఎవరిది బాగుంటే వాళ్ళది" అన్నాడు.

అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు. బస్సు పక్కన నిలబడి చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పే మనిషి నాకు తెలిసి నువ్వొక్కడివే. అది యంత్రానికి నేర్పాలి. పార్సిల్లో అగ్గిపెట్టెంత రికార్డరు పంపుతున్నాను. పొద్దున బస్సుల్ని తనిఖీ చేసేటప్పుడు జేబులో పెట్టుకుంటే చాలు.

కోపం పోయాకే జవాబు రాయి, పోకపోయినా రాయి.

నీ చెల్లి

*

ఫిబ్రవరి 24

పిచ్చుకకి,

కోపమూ లేదు, గీపమూ లేదు. ఫోన్ స్పీకరు పాడైంది. కొత్తది కొంటానంటే మీ వదిన "ఉన్నదే ఎత్తరు, కొత్తదెందుకు" అంటోంది. మెసేజీలంటావా, నా వేలు ఒక్కసారి ఆనిందంటే మూడక్షరాలు పడతాయి. ఉత్తరమే నయం.

నీ అంకెల సంగతి రెండుసార్లు చదివాను. తొమ్మిదిలోంచి మూడూ ఒకటీ తీసేసి ఐదు తేవడం చూస్తే, ఎదురింటికి వెళ్ళడానికి ఊరంతా తిరిగొచ్చినట్టుంది. అయినా నీ చిన్నప్పటి వరస అదే కాబట్టి నాకు ఆశ్చర్యం లేదు.

రికార్డరు అందింది. జేబులో పెడితే తాళాల గలగల తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు టోపీకి క్లిప్పుతో తగిలించుకుంటున్నాను. డిపోలో నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ.

నేనెలా వింటానో అడుగుతావని ముందే రాస్తున్నాను. ముందు బోనెట్టు ఎత్తను. ఇంజను ఆన్ చేయించి బస్సు చుట్టూ ఒక చక్కరు కొడతాను. లోపల టకటకమంటే వాల్వులు. గరగరమంటే గేరుబాక్సు. ఆపినప్పుడు బుస్సుమని లాగిలాగి వదిలితే గాలి గొట్టం ఎక్కడో కారుతోంది. కీచుమంటే బెల్టో బేరింగో. తర్వాత షెడ్డులోంచి బయటికి ఒక రౌండు నడిపించి చక్రాలు వింటాను. బస్సుకి ఆరు నిమిషాలు. రోజుకి ఇరవై బస్సులు. ఫిట్ అని నేను సంతకం పెడితేనే గేటు తెరుస్తారు. పాతికేళ్ళుగా ఇదే.

నీకు పనికొస్తుందంటే సంతోషమే. వేళకి తిను.

అన్నయ్య

*

మార్చి 19

అన్నయ్యకి,

నూట పది రికార్డింగులు చేరాయి. ఇంజను చప్పుళ్ళ మధ్య నువ్వు ఎవరినో "టీ చల్లారిందయ్యా" అని కసరడం కూడా చేరింది. మా వాళ్ళు అది ఏ జాతి లోపమని అడిగారు.

మా గది గురించి నీకెప్పుడూ రాయలేదు కదా. కిటికీ లేదు. రెండు పొడుగు బల్లలు, వాటి మీద చిప్పులు అమర్చిన పలకలు, గోడన రెండు ఫ్యాన్లు. పక్క గదికి కిటికీ ఉంది, అది రెండంకెల వాళ్ళది. వాళ్ళ దగ్గర డబ్బూ ఉంది, మనుషులూ ఉన్నారు. మాకు ఉన్నది కాఫీ మిషను. అందుకని రోజుకోసారైనా వాళ్ళు మా గదికి రావాల్సిందే.

ఇప్పుడు అసలు పని. ప్రతి రికార్డింగు నంబరుకీ ఎదురుగా నీ తీర్పు కావాలి. లోపం ఉంటే ప్లస్. బాగుంటే మైనస్. తేల్చి చెప్పలేకపోతే సున్నా. సున్నా పెట్టడానికి మొహమాట పడకు. మా లెక్కలో సున్నా అంటే ఏమీ లేదని కాదు, అటూ ఇటూ మొగ్గలేదని. యంత్రానికి అది తెలిస్తేనే మంచిది. నువ్వు ఏది రాస్తే దానికి అదే సత్యం. ఇంకో గురువు లేడు.

వదిన నడుం నొప్పి తగ్గిందా? అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

ఏప్రిల్ 8

చెల్లికి,

రికార్డరులోని మెమరీ కార్డుతోపాటు పట్టిక పంపుతున్నాను. మొత్తం రెండు వందల అరవై.

నిన్న మా మేనేజరు షెడ్డుకి వచ్చి, నా టోపీ మీద రికార్డరు చూసి, "మీ చెల్లెలు చేస్తున్న మిషను వచ్చేస్తే మీకిక విరమణే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కరెంటు పని చూసే అమ్మాయి కూడా పక్కనే ఉంది. ఆ పిల్ల కూడా నవ్వింది.

పాతికేళ్ళు విన్నదంతా అగ్గిపెట్టెలో పోసి పంపుతున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు. నీకు తట్టే ఉంటుంది. చదువుకున్నదానివి. ముందే చెప్పి ఉంటే కాదనేవాణ్ణి కాదు. నీ పని నీది.

మాటిచ్చాను కాబట్టి నాలుగు వందలు దాటేదాకా పంపుతాను. మీ వదినకి నడుం తగ్గింది.

అన్నయ్య

*

ఏప్రిల్ 20

అన్నయ్యా,

నీ ఉత్తరం మెట్ల మీదే రెండుసార్లు చదివాను. నిన్ను ఇంటికి పంపడానికి యంత్రం చేస్తున్నానని ఎలా అనుకున్నావు? నీ డిపోలో నువ్వున్నావు. నువ్వు లేని డిపోలు ఎన్నో ఉన్నాయి. అక్కడ బస్సుల్ని వినేవాళ్ళే లేరు.

నువ్వు తిట్టినా సరే, మీ మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన బిత్తరపోయాడు. "అయ్యో, విరమణ అనలేదమ్మా. ఆ మిషను వస్తే మీకు కాస్త విరామం దొరుకుతుంది అన్నాను. ఆయన సెలవు పెట్టి రెండేళ్ళయింది" అన్నాడు. అక్కడే ఉన్న అమ్మాయిని కూడా పిలిచి చెప్పించాడు. విరామం అన్నయ్యా. విరమణ కాదు. ఒక్క అక్షరం పక్కకి జరిగితే ఇంత గొడవ. షెడ్డు రొదలో ఎవరికైనా అలాగే వినిపిస్తుంది.

ఇప్పటికైనా నవ్వు.

నీ చెల్లి

*

మే 9

చెల్లికి,

నాలుగు వందల ముప్ఫై దాకా పట్టికా కార్డూ ఇందులో ఉన్నాయి. ఇక్కడితో నా వంతు అయింది.

మేనేజరుకి నువ్వు ఫోన్ చేయకుండా ఉండాల్సింది. విరామమో విరమణో, అంతమంది మధ్య నాకు వినపడలేదని తేలింది. ఆ అమ్మాయి ఇప్పుడు నాతో మాట్లాడాల్సి వస్తే ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుతోంది. అది గౌరవమో, జాలో తెలియదు.

ఆరోగ్యం చూసుకో.

అన్నయ్య

*

జూన్ 27

అన్నయ్యకి,

నీ ఉత్తరానికి ఏడు వారాలు జవాబు రాయలేదు. కోపం వల్ల కాదు. రాయడానికి మంచి కబురేదీ లేక.

యంత్రం నీ దగ్గర నేర్చుకుంది. లావు చప్పుళ్ళలో నీతో సమానం. వాల్వులు, గేరుబాక్సు, గాలి గొట్టం, వందకి తొంభై ఏడు. ఇక సన్నగా కీచుమనేవి వచ్చేసరికి మొత్తం గల్లంతు. ఒకే రకం చప్పుడుకి నువ్వు ఒకచోట ప్లస్ పెట్టావు, ఇంకోచోట మైనస్. మా యంత్రం రెంటి మధ్యా తడబడుతోంది. రెండంకెల వాళ్ళది మాత్రం నువ్వు ఏ నంబరుకి ఏం రాశావో బట్టీపట్టి చక్కగా ఒప్పజెప్పింది. గీతల చొక్కా కాగితం చూసి, "నేను ముందే అన్నాను. మూడే అంకెలంటే మొరటు పనిముట్టు. సన్నటి తేడాలు దానికి పట్టవు" అన్నాడు. సెప్టెంబరు దాకా ఆగుదామా, ఇప్పుడే మూసేద్దామా అని కూడా అడిగాడు.

మూడు వారాలు అంకెల్లోనే తప్పు వెతికాను. అమరిక మార్చాను, చిప్పు మార్చాను. నిద్రలో కూడా ప్లస్సులూ మైనస్సులూ. నిన్న విసుగొచ్చి అన్నీ పక్కన పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నేనే విన్నాను. యంత్రం లోపం ఉందన్నా నువ్వు బాగుందన్నవి మొత్తం అరవై ఒకటి. అన్నయ్యా, నాకు బస్సుల గురించి ఏమీ తెలియదు. అయినా అరవై ఒకటిలోనూ నాకు ఒకటే వినిపించింది. నీళ్ళు మరగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులాంటిది, సన్నగా, ఆగకుండా. మూడు వందల ఎనభై ఎనిమిదిలో అయితే చెవి నొప్పెట్టేంత.

అప్పుడు నీ పట్టిక మళ్ళీ తీసి మొదటి నుంచీ చూశాను. నాలుగు వందల ముప్ఫై వరసల్లో ఒక్క సున్నా కూడా లేదు.

నువ్వు అన్నీ తెలిసినవాడివే. కానీ ఒక్కటైనా అనుమానం రాకుండా ఉంటుందా? ఫోన్ స్పీకరు, వాన, విరమణ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎలా అడగాలో తెలియక ఇలాగే అడుగుతున్నాను. నీకు ఆ చప్పుడు వినిపించిందా?

పిచ్చుక

*

జూలై 6

పిచ్చుకకి,

వినిపించలేదు.

నీ ఉత్తరం నాలుగో తారీఖున వచ్చింది. రెండో తారీఖున పన్నెండో నంబరు బస్సు వంతెన దిగుతుండగా ముందు ఎడమ చక్రం బేరింగు బిగుసుకుపోయింది. బస్సు పక్కకి లాగేసి గోడకి రాసుకుంటూ వెళ్ళి ఆగింది. పంతొమ్మిది మంది ఉన్నారు. దెబ్బలు తగిలాయి, పెద్దవి కావు. డ్రైవరు స్టీరింగు వదలకుండా పట్టుకోవడం వల్ల ఆగింది. ఆయన కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. పొద్దున ఆ బస్సుకి ఫిట్ అని సంతకం పెట్టింది నేను.

నీ ఉత్తరం చదివి పాత పట్టిక తీశాను. మూడు వందల ఎనభై ఎనిమిది ఆ బస్సే. మే మూడు. మైనస్ పెట్టాను.

రెండేళ్ళయింది. మొదట ఫోన్ మోగడం వినిపించేది కాదు. తర్వాత కుక్కరు కూత. మీ వదిన గొంతు వినిపిస్తుంది కానీ మాటలు ముద్దముద్దగా ఉంటాయి, పెదాలు చూస్తే అర్థమవుతుంది. చెవిటితనం అంటే ఏమీ వినపడకపోవడమని అనుకునేవాణ్ణి. అలా కాదు. లావు చప్పుళ్ళన్నీ ఉన్నాయి. సన్నవి ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోయాయి. వెళ్ళినట్టు కూడా చెప్పలేదు.

డిపోలో ఎవరికీ తెలియనివ్వలేదు. చక్రం మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాణ్ణి. ఇంజను ఆన్ చేయించి డ్రైవరు మొహం చూసేవాణ్ణి, ఏదైనా వినిపిస్తే కనుబొమ్మ కదులుతుంది కదా. వేడిగా ఉంటే ప్లస్. ఎవరి మొహంలోనూ ఏమీ కనపడకపోతే మైనస్. నీకు ఒకే చప్పుడుకి రెండు జవాబులు అందుకే వచ్చాయి. సున్నా ఎక్కడెక్కడ పెట్టాలో నాకు తెలుసు. ప్రతిసారీ పెన్ను ఆగేది. ఒకటి పెడితే దాని వెనకే ఇంకోటి, ఆ వెనకే ఇంకోటి పెట్టాలి. అన్ని సున్నాలు పెట్టాక ఈయనెందుకిక్కడ అని ఎవరైనా అడుగుతారు.

నిన్న మేనేజరు గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "ముందే చెప్పాల్సింది సార్" అన్నాడు. నన్ను సార్ అనడం ఎప్పుడూ వినలేదు. ఇరవై బస్సుల్నీ మళ్ళీ తనిఖీ చేయించారు. ఇంకో రెండింటిలో అరిగిపోయిన బేరింగులు దొరికాయి. నన్ను స్టోర్సులోకి మార్చారు. విచారణ ఉంటుంది.

నీ అంకెల్లో తప్పేమీ లేదని మీ పెద్దసారుకి చెప్పు. తప్పు గురువుది.

అన్నయ్య

*

జూలై 14

అన్నయ్యా,

నేను వచ్చేస్తానంటే వదిన వద్దంది. "నువ్వొస్తే మీ అన్నయ్య మళ్ళీ బాగానే ఉన్నట్టు నటిస్తాడు, కొన్నాళ్ళు ఆగు" అంది. అందుకే ఆగాను.

నీకో సంగతి చెప్పాలి. యంత్రం ఆ అరవై ఒక్క రికార్డింగుల్లో లోపం ఉందని జూన్ మొదటి వారంలోనే చెప్పింది. మూడు వారాలు ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. డిపోకి ఒక్క ఫోన్ చేసి ఆ నంబర్లు చదివి ఉంటే సరిపోయేది. చేయలేదు. మా అంకెలు తప్పనుకున్నాను, చిప్పు తప్పనుకున్నాను. అన్నిటినీ అనుమానించాను గానీ నిన్ను అనుమానించాలని మాత్రం తట్టలేదు. ఆ డ్రైవరు మణికట్టు విరగడంలో నా వంతు కూడా ఉంది. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

నువ్వు వెంటనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీ చెల్లెలి చిప్పు చెవి మిషనులో వేసేదాకా ఆగుతానని వదినతో అన్నావట. అది ఎన్నేళ్ళకొస్తుందో నాకే తెలియదు, అసలు వస్తుందో లేదో కూడా. బజారులో దొరికేది పెట్టించుకో.

ఒకటి అడగాలి. పట్టిక మళ్ళీ మొదటి నుంచీ రాయించాలి. మంచి చెవి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇంకొకటి. మొదటి పట్టిక ఎందుకు మార్చామో కమిటీకి చెప్పాలి. "రికార్డింగులో సాంకేతిక లోపం" అని రాస్తే సరిపోతుందని గీతల చొక్కా అన్నాడు. నీ పేరు ఎక్కడా రాదు. నువ్వు ఎలా అంటే అలా రాస్తాను.

పిచ్చుక

*

ఆగస్టు 3

పిచ్చుకకి,

డాక్టరమ్మ నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కమంది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను. అద్దంలోంచి మీ వదిన మొహం చూసి అర్థమైంది. అలవాటు కదా, మొహాలు చూడటం.

చెవి మిషను పెట్టారు. బయటికి రాగానే నా చెప్పులు చప్పుడు చేస్తున్నాయని తెలిసింది. పళ్ళెంలో చెంచా పడితే ఎవరో కొట్టినట్టుంది. మూడు రోజులు తీసి సొరుగులో పెట్టాను. మీ వదిన మాట్లాడటం మానేసి, ఏం కావాలన్నా చీటీ మీద రాసి ఇచ్చింది. నాలుగో రోజు మళ్ళీ పెట్టుకున్నాను. డాక్టరమ్మ మెదడు మళ్ళీ నేర్చుకోవాలంది. ఆర్నెల్లట.

పట్టిక సంగతి. కరెంటు పని చూసే అమ్మాయి ఉందని రాశాను కదా, డిపోలో అందరూ కరెంటమ్మ అంటారు. ఆ పిల్లని అడిగాను. అడగడానికి రెండు రోజులు పట్టింది. "మీరు చెబితే వింటాను, కానీ మీరు కూడా పక్కన కూర్చోవాలి. చప్పుడు నేను చెబుతాను, జబ్బు మీరు చెప్పాలి" అంది. రోజూ మధ్యాహ్నం స్టోర్సులో టైర్ల మధ్య కూర్చుని నాలుగు వందల ముప్ఫై మళ్ళీ విన్నాం. ఆమె నోటితో చేసి చూపించేది. ఆ పిల్ల గేరుబాక్సు చప్పుడు చేస్తే మేనేజరు వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాడు. పట్టిక ఇందులో ఉంది. సున్నాలు ఇరవై ఏడు.

కమిటీకి ఉన్నది ఉన్నట్టు రాయి. సాంకేతిక లోపం కాదు. వినే మనిషికి వినపడటం లేదు, అతను చెప్పలేదు. పేరు అక్కర్లేకపోతే మానెయ్, కారణం మాత్రం మార్చకు. రేపు ఇంకెవరో ఇంకో డిపోలో పట్టిక రాస్తారు. వాళ్ళని ముందు చెవి పరీక్ష చేయించుకోమని అడిగే ధైర్యం మీకు ఉండాలి కదా.

విచారణలో నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికీ అవునన్నాను. ఇంక్రిమెంటు ఆపారు. అంతకంటే ఎక్కువ చేస్తారనుకున్నాను.

అన్నయ్య

*

సెప్టెంబరు 12

అన్నయ్యకి,

కమిటీ నిన్న కూర్చుంది. ఏడుగురు, పొడుగు బల్ల, నీళ్ళ సీసాలు. రెండంకెల వాళ్ళు ముందు మాట్లాడారు. తర్వాత నేను. పాత పట్టికతో మేము ఓడిపోయామని మొదటే చెప్పాను. కొత్త పట్టికతో రెండు యంత్రాలకీ మళ్ళీ నేర్పి, ఎప్పుడూ వినని కొత్త బస్సులు వినిపించాం. వాళ్ళది వందకి తొంభై ఐదు, మాది తొంభై మూడు. బస్సుకి బిగించే పెట్టెలో వాళ్ళ బ్యాటరీ పదకొండు రోజులు వస్తుంది. మాది లెక్క ప్రకారం నాలుగేళ్ళు.

గీతల చొక్కా నన్ను ఇరకాటంలో పెట్టాలని కాదు గానీ, "మొదటి పట్టిక ఎందుకు తప్పయింది?" అని అడిగాడు. నువ్వు రాసిన రెండు ముక్కలూ చదివాను. వినే మనిషికి వినపడటం లేదు, అతను చెప్పలేదు, చెప్పేలా మేము అడగలేదు. మూడోది నేను కలిపాను. ఆయన మా అన్నయ్య అని కూడా చెప్పాను. నీ అనుమతి లేకుండా చెప్పాను, తిట్టు.

చివర కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు తీసి, "ఇప్పుడెలా ఉన్నారాయన?" అంది. ఆ గదిలో అలాంటి ప్రశ్న వస్తుందని అనుకోలేదు. కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను.

ఒక ఏడాది ఇచ్చారు. మూడేళ్ళు అడిగాం. ఐదుగురిలో ఇద్దరిని పక్క గదికి మార్చారు, వాళ్ళకి కిటికీ దొరికింది. మీ డిపోలో పది బస్సులకి మా పెట్టెలు బిగించి చూడమన్నారు. మీ మేనేజరు ఒప్పుకున్నాడు. డ్రైవరు ముందు చిన్న దీపం ఉంటుంది, ఆకుపచ్చ, ఎరుపు, తేల్చలేనప్పుడు పసుపు. ఇంకేమైనా ఉండాలా? డిపో మనిషిగా చెప్పు. ఈసారి నీ చెవి కోసం అడగడం లేదు.

పిచ్చుక

*

సెప్టెంబరు 28

పిచ్చుకకి,

తిట్టను. చెప్పడం మంచిదే అయింది.

నీ ప్రశ్నకి వెంటనే జవాబు రాయలేదు. ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. మూడు నెలలుగా వాయిదా వేస్తున్నాను. మొన్న ఆదివారం పన్నెండో నంబరు డ్రైవరు ఇంటికి వెళ్ళాను.

మూడో అంతస్తు. మెట్ల దగ్గర సైకిళ్ళు, తలుపు పక్కన పిల్లల చెప్పులు. ఆయనే తలుపు తీశాడు. కట్టు విప్పేశారు, చెయ్యి ఇంకా సన్నగా ఉంది. లోపలికి రమ్మన్నాడు. ఆయన భార్య నన్ను చూసి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. అది న్యాయమే. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "ఆ రోజు నీ బస్సుకి సంతకం పెట్టింది నేనే. నాకు చెవులు వినపడవు. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి నీకు నా నోటితో చెప్పాలని వచ్చాను" అన్నాను.

ఆయన తల వంచుకుని ఏదో అన్నాడు. నాకు అందలేదు. ఆయనది నెమ్మది గొంతు, పైగా తల వంచితే పెదాలు కనపడవు. "ఇంకోసారి చెప్పు" అన్నాను. చెప్పాడు. మళ్ళీ అందలేదు. అంతకుముందైతే తల ఊపేసి వచ్చేసేవాణ్ణి. ఈసారి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, "వినపడలేదు, నా వైపు చూసి చెప్పు" అన్నాను.

అప్పుడు ఆయన తలెత్తి చెప్పాడు. "నాకు మే నెల నుంచీ వినిపిస్తూనే ఉందన్నా. సన్నగా కీచుమని. రోజూ వినేవాణ్ణి. నీ సంతకం ఉంది కదా అని ఊరుకున్నా. నీకంటే నాకేం తెలుసు అనుకున్నా."

లోపలి నుంచి ఆవిడ టీ తెచ్చి నా ముందు పెట్టింది, నా మొహం చూడకుండా. తాగాను.

ఆయన వచ్చే నెల డ్యూటీలో చేరుతున్నాడు. మీ పెట్టెలు బిగించే పదిలో మొదటి బస్సు ఆయనదే కావాలని మేనేజరుని అడిగాను, సరేనన్నాడు. నీ దీపాలు బాగానే ఉన్నాయి, మూడూ ఉంచు. వాటి పక్కన ఒక మీట పెట్టు. నీ పెట్టె ఆకుపచ్చ చూపించినా, తనిఖీ చేసినవాడు సంతకం పెట్టినా, నాకు మాత్రం ఏదో వినిపిస్తోంది అని డ్రైవరు నొక్కడానికి. అది నొక్కితే ఆ బస్సు మళ్ళీ చూడకుండా గేటు దాటకూడదు. ఎందుకు నొక్కావని ఆయన్ని ఎవరూ అడగకూడదు. అది కూడా మీ కాగితాల్లో రాయించు.

మీట పెద్దదిగా ఉండాలి. ఎడమ చేతికి అందేలా పెట్టు. ఆయన కుడి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు.

అన్నయ్య